మా వంటగట్టు ఎవరి కొలత?

"గట్టు పగలగొట్టిస్తున్న. శనివారం పొద్దుగాల సైదులు మేస్త్రి వస్తడు. నువ్వొచ్చి మీ నాన్న పెట్టె తీసుకపో, దుమ్ముల పాడైతది." అమ్మ ఫోన్ చేసి ఇంతే చెప్పింది. బాగున్నావా, పిల్లలు బాగున్నారా అనే మాటలు ఆమెకు తర్వాత ఎప్పుడో గుర్తొస్తాయి. బతుకంతా దవాఖానాల్లో నర్సుగా చేసిన మనిషి, ముందు అవసరమైన సంగతి చెప్పడం అలవాటు. గట్టు అంటే ఖమ్మంలో మా ఇంటి వంటగట్టు. నాన్న గీసి, దగ్గరుండి కట్టించిన ఇల్లది. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. అయినా ఆ మాటకు నేనేం ఆశ్చర్యపోలేదు. ఆ గట్టు అమ్మకు ఎప్పుడూ ఎత్తే. ఆ ఇంట్లోకి వచ్చిన నాటి నుంచీ ఆమె కాళ్ళ కింద పీట వేసుకునే వండింది. ఊళ్ళో ఆడవాళ్ళందరి మోచేతులూ కొలిచి వంటగట్లు కట్టించిన ఆర్కిటెక్టు, సొంత భార్య మోచెయ్యి మాత్రం కొలవలేదన్నది మా ఇంట్లో ఎవరూ కాదనలేని విషయం. అమ్మ గుండెలో ముల్లు అదే. గట్టు కొట్టేసినా అది పోతుందో లేదో నాకు తెలియదు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక రోగం ఉంది. మూసిన సొరుగు కనపడితే తెరవాలి, కట్టిన మూట కనపడితే విప్పాలి. నేనుండే హనుమకొండలో బస్సెక్కిన దగ్గర నుంచీ నా ధ్యాసంతా ఆ పెట్టె మీదే. నాన్న బతికుండగా ఆయన పెట్టెను ఎవరూ ముట్టుకునేవాళ్ళం కాదు. కోప్పడతాడని కాదు, ఆయనకు కోపం రావడం నేను పెద్దగా చూడలేదు. వస్తువు ఉన్న చోటు మారితే ఆయన దాన్ని వెతకడు, పని ఆపేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు. అలా కూర్చున్న మనిషిని చూడటం కన్నా నాలుగు తిట్లు తినడం నయం.

ఆ ఇల్లు కట్టకముందు మేం కిరాయికి ఉన్న ఇంట్లో ముందు గదే నాన్న ఆఫీసు. గదిలో సగం ఆయన గీతల బల్లే ఉండేది. దాని మీద పొడవాటి టీ-స్క్వేర్, పసుపెక్కిన ప్లాస్టిక్ మూలమట్టాలు, ముల్లంత సన్నటి మొన ఉన్న ఇంకు పెన్నులు. ఆదివారం చర్చికి పోయే ముందు ఆ పెన్నుల్ని గోరువెచ్చని నీళ్ళలో వేసి కడగడం ఆయన నియమం. ఒక పక్క అమ్మ నా జడలు వేస్తుంటే, ఇంకో పక్క గిన్నెలో నీళ్ళు మెల్లగా నల్లబడటం చూస్తూ ఉండేదాన్ని. గీత తప్పితే చెరపడానికి రబ్బరు వాడేవాడు కాదు, గడ్డం గీసుకునే బ్లేడు సగానికి విరిచి కాగితం చిరగకుండా ఇంకును గీకేవాడు. ఆ చప్పుడు వినపడితే నాన్న ఏదో తప్పు చేశాడని మాకు తెలిసిపోయేది. ప్లాను ప్రింటు తీయించుకొచ్చిన రోజు ఇల్లంతా అమ్మోనియా ఘాటు. బయట మిర్చి మార్కెట్ నుంచి ముక్కు మండించే కోరు, లోపల అమ్మోనియా, దానికి తోడు డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ చీరకు డెట్టాలు వాసన. మా ఇంటికి వచ్చిన చుట్టాలు కూర్చున్న కాసేపట్లోనే దగ్గడం మొదలుపెట్టేవాళ్ళు. మాకు మాత్రం ఏ వాసనా ఉన్నట్టే ఉండేది కాదు.

ఆ రోజుల్లో ఖమ్మంలో ఆర్కిటెక్టు అంటే ఎవరికీ తెలియదు. అందరూ నాన్నను దేవదానం ఇంజినీర్ సారు అనేవాళ్ళు. ఆయన మొదట్లో సరిదిద్దేవాడు, తర్వాత మానేశాడు. ఇల్లు కట్టుకునేవాళ్ళు పంతులు గీసిచ్చిన వాస్తు కాగితం జేబులో పెట్టుకుని మరీ వచ్చేవాళ్ళు. ఈ సారు క్రిస్టియన్ కదా, వాస్తు ఒప్పుకుంటాడో లేదోనని వాళ్ళకు బెంగ. నాన్న ఆ కాగితం చూసి, "అట్లనే, మీ పంతులు చెప్పిన మూలకే పొయ్యి పెడదాం. కాని ఆ పొయ్యి కాడ నిలబడే మనిషిని నాకు ఒక్కసారి చూపెట్టున్రి" అనేవాడు. వచ్చినవాళ్ళు ముఖముఖాలు చూసుకునేవాళ్ళు. ప్లానుకూ ఇంట్లో ఆడమనిషికీ ఏం సంబంధమో వాళ్ళకు అంతుపట్టేది కాదు.

సంబంధం ఏమిటో నేను తల్లాడలో చూశాను. తమ్ముడింకా పుట్టని రోజులు, అమ్మకు శనివారం డ్యూటీ పడితే నన్ను ఇంట్లో ఒక్కదాన్నే వదలలేక నాన్న స్కూటర్ మీద ఎక్కించుకుపోయేవాడు. అక్కడ ఒక మిర్చి రైతు కొత్తిల్లు మొదలుపెట్టాడు. నాన్న మంచం మీద కూర్చుని, "వంట ఎవరు చేస్తరమ్మా?" అని అడిగాడు. "నేనే చేస్త. ఈ ఇంటికి వచ్చినకాడి నుంచి నేనే" అంది రైతు తల్లి, కుదిమట్టంగా ఉండే పెద్దావిడ. ఆవిడ కోడలు, పొడుగాటి మనిషి, నీళ్ళు తెచ్చి పెట్టి మాట్లాడకుండా లోపలికి పోయింది. గ్లాసు పెట్టేటప్పుడు ఆమె చేతి నిండా నూనె చిట్లిన మచ్చలు. నాన్న వాటిని చూశాడు, చూసినట్టు పెద్దావిడకూ తెలిసింది. "అమ్మా, ఇద్దరి కొలతలు తీస్కుంట. కూసోని కూరగాయలు కోసుకునేందుకు మీకొక గట్టు, పొయ్యికాడ నిలబడేందుకు ఆమెకొక గట్టు పెడదాం" అన్నాడు. "రెండెందుకయ్యా దండగ" అంది పెద్దావిడ. "దండగనే. పొయ్యికాడ మీరే నిలబడ్తనంటే ఒక్కటే పెడత" అన్నాడు నాన్న, చాలా వినయంగా. ఆవిడ కాసేపు చుట్ట వెలిగించుకునే పనిలో పడి, "సరే తియ్, రెండు పెట్టు. నీ మాట కాదనుడెందుకు" అంది. లోపల్నుంచి గిన్నె ఏదో కిందపడిన చప్పుడు వినపడింది.

కొలత తీసే పద్ధతి కూడా విచిత్రంగా ఉండేది. నాన్న దగ్గర ఇంచుల టేపు ఉన్నా ఈ పనికి వాడేవాడు కాదు. సన్నటి వెదురు బద్ద ఒకటి ఇచ్చి, మనిషిని రొట్టెలు ఒత్తేటప్పుడు నిలబడినట్టు నిలబడమనేవాడు. ఇంట్లోవాళ్ళే ఎవరో ఆ బద్దను ఆమె పక్కన నిలబెట్టి, మోచేతికి బెత్తెడు కింద గీత పెట్టాలి. నాన్న అక్కడికి బద్ద కోసి, ఆమె పేరు అడిగి, ఇంకుతో దాని మీద రాసుకునేవాడు. అంతే, గట్టు ఆ బద్దంత ఎత్తు. నంబర్లు రాసుకోవచ్చు కదా అని నేనడిగితే, "నంబర్ రాసుకుంటే రెండ్రోజులకు మనిషిని మర్చిపోత. ఇదైతే గోడకు నిలబెడితే ఆమెనే వచ్చి నిలబడ్డట్టు ఉంటది" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు కొంచెం భయం వేసింది. రాత్రి మంచినీళ్ళకు లేస్తే ఆ గది వైపు చూసేదాన్ని కాదు, గోడకు ఆడవాళ్ళంతా ఆనుకుని నిలబడి ఉంటారని.

ఆ వెదురు కోసమే ఆయన ఏడాదికోసారి గోదావరికి ఇవతల ఉన్న అడవి ఊళ్ళ వైపు, సారపాక దాటి పోయేవాడు. కాగితం మిల్లుకు వెదురు, జామాయిల్ కర్ర మోసే లారీల వెనక మా స్కూటరు నెమ్మదిగా పోయేది. ఒక ఊళ్ళో మిషన్ వాళ్ళ బడికి ఆయన రెండు గదులు గీసిచ్చాడు. బడి పక్కన వంటగది కూడా కట్టాలని, అక్కడ వంట చేసే ముసలమ్మను బద్ద పక్కన నిలబడమన్నాడు. ఆమె తన భాషలో ఏదో అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. బడి పంతులు నవ్వు ఆపుకుని, "కూసోని వండేదానికి నిలబడుడెందుకు అంటున్నది సార్" అని చెప్పాడు. నాన్న కూడా నవ్వి, ఆమెను కూర్చోబెట్టే కొలిచాడు. ఆ బద్ద గరిటెంత వచ్చింది. ఇంటికొచ్చాక ఆ ముసలమ్మ కూర్చున్న బొమ్మను నీళ్ళ రంగులతో వేసి గోడకు అతికించాడు. నాన్న బొమ్మల్లో కొండలు, నది తక్కువ. భద్రాచలం పోయినా గోదావరిని వదిలేసి, ఒడ్డున చీర పిండుకుంటున్న ఆమె నడుం ఎట్లా వంగిందో వేసుకొచ్చేవాడు.

మా సొంత ఇంటి పని మొదలైనప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. అప్పటికి ఊళ్ళో కుర్ర ఇంజినీర్లు కంప్యూటర్ల మీద ప్లాన్లు గీసి, పొద్దున అడిగితే సాయంత్రానికల్లా రంగుల కాగితాలు చేతిలో పెడుతున్నారు. నాన్నకు పని తగ్గింది. ఆ ఖాళీ అంతా ఆయన మా ఇంటి మీద పెట్టాడు. కిటికీ దగ్గర నా చదువు బల్ల ఎత్తు కోసం నన్ను మూడుసార్లు నిలబెట్టాడు. తమ్ముడి గదిలో బట్టలు తగిలించే మేకులు వాడికి అందేంత కిందకు కొట్టించాడు. గోడలు లేచి, వంటింటి పని రాబోతుందని తెలిసిన వారం అమ్మ ఎందుకో డ్యూటీ నుంచి వచ్చాక వెంటనే పడుకోవడం మానేసింది. ముఖం కడుక్కుని, చీర మార్చుకుని ముందు గదిలో అటూ ఇటూ తిరిగేది. నాన్న బల్ల మీద నుంచి తలెత్తితే, "ఏమన్న పని ఉన్నదా నాతోటి?" అని అడిగేది. "లేదు, నువ్ పండుకో. నైట్ డ్యూటీ చేసొచ్చినవ్" అనేవాడాయన. ఒక రోజు స్కూలు నుంచి వచ్చేసరికి వంటింట్లో గ్రానైట్ బండ పరిచేశారు. అమ్మ దాని ముందు నిలబడి ఉంది. చేతులు దాని మీద పెట్టి చూసుకుంది, భుజాలు పైకి లేచాయి. చేతులు తీసేసుకుని బయటికి వచ్చేసింది.

తర్వాత నాన్న వడ్రంగితో ఒక పీట చేయించి, అంచులు నున్నగా తోమించి తెచ్చి గట్టు కింద పెట్టాడు. అది ఇంకా ఒళ్ళు మండించింది అమ్మకు. "తల్లాడోళ్ళ కోడలికి కొలత, మధిర టీచరమ్మకు కొలత, ఆఖరికి అడివిల ముసలమ్మకు గూడ కూసోబెట్టి కొలత. నాకు పీట" అనేది. నాన్న ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేవాడు. "నీ కొలత నాకు తెల్సు." అమ్మ దాన్ని తేలిగ్గా తీసేసిన మాట అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను. పప్పులో ఉప్పెక్కువైన రోజున, "ఎత్తు మీదికెళ్ళి ఏసిన, తెల్వలే" అనేది. నాన్న మంచినీళ్ళు తాగి లేచేవాడు. పెద్ద పోట్లాటలు లేని ఇల్లు మాది, ఉన్నది ఈ ఒక్క గట్టే. నాన్న మంచం పట్టిన రోజుల్లో అమ్మ ఆయనకు పసిపిల్లాడికి చేసినట్టు సేవ చేసింది, కాని జావ కాచడానికి పీట ఎక్కిన ప్రతిసారీ ఆమె ముఖం మారడం నేను చూశాను. అడిగి తెలుసుకోవాల్సిన మాట ఒకటి ఆయనతోపాటే మట్టిలోకి పోయిందని ఆమెకు దిగులు.

శనివారం సైదులు మేస్త్రి వచ్చేసరికి మేమిద్దరం హాల్లో పెట్టె ముందు కూర్చున్నాం. సైదులు నాన్న దగ్గరే పని నేర్చుకున్నవాడు, ఆ గట్టు కట్టిందీ అతనే. పెట్టెలో పైన గీతల సామాను, మధ్యలో బొమ్మల చుట్టలు, అడుగున పాత పంచెలో చుట్టిన వెదురు బద్దల కట్ట. నేను కట్ట విప్పి ఒక్కొక్కటీ తీసి పేర్లు చదవడం మొదలుపెట్టాను. సుభద్ర, మేరీ, నాగమణి, రజియా. కొందరి గొంతులు కూడా గుర్తొచ్చాయి నాకు. అమ్మ పట్టనట్టు గోడ వైపు చూస్తోంది గాని, ప్రతి పేరు దగ్గరా ఆమె ఊపిరి ఆగడం నాకు తెలుస్తోంది. ఆమె పేరు కరుణ. కట్ట అయిపోయింది, కరుణ రాలేదు. "చూసినవా? నేను చెప్తనే ఉన్న" అంది. గెలిచిన మనిషి గొంతులా లేదది.

ఒక్క బద్ద మీద మాత్రం పేరే లేదు. మిగతావాటి కంటే పాతది, పొగచూరినట్టు నల్లబడిపోయింది. నా రోగం నాకుందిగా, దాన్ని వంటింట్లోకి తీసుకుపోయి గట్టు పక్కన నిలబెట్టాను. సరిగ్గా బండ అంచుకు అంచు కలిసింది, వెంట్రుక తేడా లేదు. "సైదులన్నా, ఇల్లు కట్టేటప్పుడు నాన్న నీకిచ్చిన బద్ద ఇదేనా?" అని అడిగాను. అతను తీసుకుని తిప్పి చూశాడు. "అవ్ బిడ్డా, గిదే. నేను అప్పుడే అన్న, సారూ, అమ్మ గింత ఎత్తు ఉండదేమో, ఒక్కపారి కొలుద్దాం అని. అక్కర్లేదు, ఇది నాకు మనుషుల్ని కొలుసుడు నేర్పిన బద్ద అన్నడు." అమ్మ వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చింది. నేను బద్దను ఆమె పక్కన పెట్టాను. మోచేతికి బెత్తెడు కింద ఉండాల్సిన కొన, అంతకు రెండు వేళ్ళు పైకి వచ్చింది. "నాది కాదు. ఎవరో పొడుగు మనిషిది" అంది అమ్మ. ఆ తర్వాత, నన్ను కాదు సైదుల్ని కాదు, గట్టునే చూస్తూ, "ఇన్నేండ్లు ఎవరి కొలతల వండిన్నో" అంది. సైదులు తల దించుకుని సుత్తి పిడి తుడుస్తూ నిలబడ్డాడు. ఇంత ఉత్సాహంగా మూట విప్పినదాన్ని నేనే.

బద్దను వెలుతురులోకి తీసుకుపోయాను. పైన బెరడు వైపు ఏమీ లేదు. వెనక, అంతగా నల్లబడని లోపలి వైపు, గోరంత బొమ్మ ఒకటి ఉంది, ముల్లు మొన పెన్నుతో గీసింది. మొదట పక్షి అనుకున్నాను. కళ్ళద్దాలు తెచ్చి, బద్దతోపాటు అమ్మ చేతికిచ్చాను. ఆమె చాలాసేపు చూసింది. "టోపీ" అంది. "మా టోపీ. భద్రాచలం దగ్గర మిషన్ దవాఖానాల మేం పెట్టుకునే టోపీ, రెండు పక్కల రెక్కలు ఉండేటివి. ఇంకెక్కడ ఉండేటివి కాదు."

పెళ్ళికి ముందు అక్కడే ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరింది. నాన్న ఆ దవాఖానా వరండా బాగుచేయడానికి వచ్చాడు. తర్వాత పాస్టరుగారు మాట్లాడి పెళ్ళి కుదిర్చారన్నంతవరకే మాకు చెప్పేవాళ్ళు. "కౌంటర్ కాడ నిలబడి జరం చార్టులు రాస్తున్న" అంది అమ్మ, మాటలు కూడదీసుకుంటూ. "సన్నగ, పొడుగు మనిషి ఒకాయన కట్టె పట్టుకొని వచ్చిండు. సిస్టర్, జర కదలకుండ నిలబడ్తరా, కౌంటర్ కొలుస్తున్న అన్నడు. నేను తల గూడ సరిగ ఎత్తలే. జల్దీ కానియ్యండి అన్న." ఆగింది. వంగి తన పాదాలు చూసుకుంది. "బూట్లున్నయి నాకు. తెల్ల బూట్లు, ఎత్తు మడిమెలవి. డ్యూటీల విప్పనిచ్చేటోళ్ళు కాదు."

పేరెందుకు రాయలేదని నేనడిగితే అమ్మ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "అప్పటికి నా పేరెట్ల తెలుస్తదే ఆయనకు?" అంది. గుమ్మానికి ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "నీ కొలత నాకు తెల్సు అంటే ఊకె అంటుండు అనుకున్న. పిచ్చి మనిషి. ఒక్క మాట చెప్పొద్దా? బూట్ల కొలత పట్టుకొని ఇల్లు కట్టిండు."

నాన్న ఎందుకు చెప్పలేదో నేను ఊహించగలను. ముక్కూ ముఖం తెలియని అమ్మాయిని కౌంటర్ వంకతో కొలుచుకుపోయానని, ఎదిగిన పిల్లలున్నాక ఏ మొగుడు చెప్పుకుంటాడు? పైగా నాన్నలాంటి మనిషి. నేనిప్పుడుండే ఫ్లాట్లో వంటగట్టు ఎత్తు కంపెనీవాళ్ళు నిర్ణయించింది. బిల్డింగులో అన్ని ఇళ్ళల్లోనూ అదే ఎత్తు, అది ఎవరికి సరిపోతుందో ఎవరికీ తెలియదు, ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు. పనికి ఏ ఇబ్బందీ లేదు. అయితే నా గట్టు తప్పని నేను నా భర్తతో పోట్లాడలేను, అందులో ఆయన చెయ్యి లేదు, నా చెయ్యీ లేదు. అప్పటి రోజులు గొప్పవని అనను, రెండు వేళ్ళ ఎత్తుతో అమ్మ భుజాలు అరిగిపోయిన మాటా నిజమే. కాని ఆ తప్పు చేయడానికి ఒక మనిషి ఇంకో మనిషిని అంతసేపు చూసి ఉండాలి.

సైదులు సుత్తిని గోడకు ఆనించేశాడు. "మరైతే ఈ గట్టు ఉంచుదామా అమ్మా? సారు గుర్తు గద" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, పెట్టెను బస్సులో, ఆటోలో హనుమకొండ దాకా మోసుకుపోయే పని తప్పిందని కూడా అనుకున్నాను. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఉంచుడేంది? పగలగొట్టు" అంది. "కొలిచిండు గద, నాకది చాలు. తప్పు కొలత తప్పే. నేను ఇంక వండుకోవాలె, తినాలె."

నన్ను పిలిచి, వెదురు బద్ద ఒకటి కొత్తది చూడమంది. పెట్టె అడుగున కోయని బద్దలు ఇంకా ఉన్నాయి. ఆమె ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు విప్పి పక్కకు నెట్టింది. గచ్చు మీద ఉత్త కాళ్ళతో తిన్నగా నిలబడి, మోచెయ్యి మడిచి, రొట్టెలు ఒత్తే మనిషిలా చేతులు ముందుకు పెట్టింది. నేను పక్కన కూర్చుని బెత్తెడు కొలిచి గీత పెట్టాను. సైదులు గీత దగ్గరికి కోసి ఇచ్చాడు. నేను తీసుకుని గట్టు వైపు పోబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పేరు రాయి" అంది.